చేజారిన 33 ఆధిక్యాలు, ఒక ట్రోఫీ: టెక్సస్ రేంజర్స్ అసలు లెక్క

అమెరికా బేస్‌బాల్ జట్టు టెక్సస్ రేంజర్స్ 2023 సీజన్ గురించి ఎవరు మాట్లాడినా, వాళ్లు టైటిల్ గెలిచిన నవంబర్ 1 రాత్రితో మొదలుపెడతారు. ఆ జట్టు ఎలాంటిదో తెలియాలంటే సెప్టెంబర్ 4, 5, 6 తేదీలతో మొదలుపెట్టాలి. ఆర్లింగ్టన్‌లో, సొంత మైదానంలో, అదే రాష్ట్రపు ప్రత్యర్థి హ్యూస్టన్ ఆస్ట్రోస్ చేతిలో వరుసగా మూడు ఓటములు: 13-6, 14-1, 12-3. మూడు రోజుల్లో 39 పరుగులు ఇచ్చి 10 చేశారు. రెండు నెలలు తిరక్కుండానే ఆ రేంజర్స్ జట్టే మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది. 1961లో వాషింగ్టన్‌లో పుట్టి 1972లో టెక్సస్‌కి వచ్చిన ఈ ఫ్రాంచైజీకి అదే మొదటి టైటిల్.

దీన్ని అదృష్టం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ జట్టు బలం ఎక్కడుందో, చిల్లు ఎక్కడుందో లెక్కల్లో స్పష్టంగానే కనిపిస్తుంది. అక్టోబర్ క్యాలెండర్ ఆ చిల్లుని ఎలా పూడ్చిందో కూడా తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. 2025లో అదే జట్టు 81 గెలిచి 81 ఓడటానికి కారణం కూడా ఆ లెక్కల్లోంచే బయటికొస్తుంది.

ముందు ఒక చిన్న సూత్రం. బిల్ జేమ్స్ అనే విశ్లేషకుడు చెప్పింది, కాగితం మీద రెండు నిమిషాల పని. జట్టు సీజన్ మొత్తంలో చేసిన పరుగుల్ని వర్గం చేయండి. ఇచ్చిన పరుగుల్ని కూడా వర్గం చేయండి. మొదటిదాన్ని రెండింటి మొత్తంతో భాగించి, 162తో గుణించండి. వచ్చేది ఆ జట్టు గెలిచి ఉండాల్సిన మ్యాచ్‌ల సంఖ్య. 2023లో రేంజర్స్ చేసినవి 881, ఇచ్చినవి 716. లెక్క వేస్తే 97కి పైగా గెలుపులు రావాలి. వచ్చినవి 90. ఆ ఏడు గెలుపులు ఎక్కడికి పోయాయన్నదే అసలు ప్రశ్న.

ముందు బ్యాటింగ్ సంగతి. 881 పరుగులు ఆ ఏడాది అమెరికన్ లీగ్‌లో (మేజర్ లీగ్స్ రెండింటిలో ఒకటి) అన్నిటికంటే ఎక్కువ. జట్టు సగటు .263, అంటే ప్రతి వెయ్యి ప్రయత్నాలకు 263 హిట్లు. 2021లో 102 మ్యాచ్‌లు, 2022లో 94 మ్యాచ్‌లు ఓడిన జట్టు ఇక్కడిదాకా రావడానికి పునాది 2021 చివర్లో, జట్ల యజమానులు ప్రకటించిన లాకౌట్‌కి కాస్త ముందు పడింది. షార్ట్‌స్టాప్ కోరీ సీగర్‌కి పదేళ్లకు 32.5 కోట్ల డాలర్లు, సెకండ్ బేస్‌మన్ మార్కస్ సిమియన్‌కి ఏడేళ్లకు 17.5 కోట్ల డాలర్లు. ఇద్దరికే యాభై కోట్లు. 2022లో ఫలితం రాకపోయేసరికి ఆగస్టులో మేనేజర్ క్రిస్ వుడ్‌వర్డ్ పోయాడు, రెండు రోజులకి జట్టు వ్యవహారాలన్నీ చూసే జాన్ డేనియల్స్ కూడా పోయాడు. బాధ్యత క్రిస్ యంగ్ చేతికొచ్చింది. అతను చేసిన మొదటి మంచి పని, శాన్‌ఫ్రాన్సిస్కోకి మూడు టైటిళ్లు తెచ్చి ఇంట్లో కూర్చున్న బ్రూస్ బోచీని వెళ్లి పిలుచుకు రావడం. ఆ మూడింటిలో మొదటిది, 2010లోది, రేంజర్స్ మీద గెలిచిందే.

సీగర్ 2022లో .245, 2023లో .327. ఇంత తేడాకి ఫామ్ ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. సీగర్ ఎడమచేతి వాటం. బంతిని గట్టిగా కుడివైపు లాగి కొడతాడు. 2022 దాకా ప్రత్యర్థులు ముగ్గురు ఇన్‌ఫీల్డర్లని ఆ వైపే నిలబెట్టేవాళ్లు. హిట్ కావాల్సిన గ్రౌండర్లు (నేల మీద దొర్లే బంతులు) నేరుగా వాళ్ల చేతుల్లోకి పోయేవి. 2023లో కొత్త నిబంధన వచ్చింది: సెకండ్ బేస్‌కి అటూ ఇటూ ఇద్దరిద్దరు, అందరి కాళ్లూ ఇన్‌ఫీల్డ్ మట్టి అంచు లోపలే ఉండాలి. వన్డేల్లో సర్కిల్ బయట ఇంతమందే ఉండాలన్న నిబంధన బ్యాటర్‌కి ఎంత మేలు చేసిందో, ఇది సీగర్‌కి అంత చేసింది. గాయాల వల్ల 119 మ్యాచ్‌లే ఆడినా 42 డబుల్స్ (రెండు బేస్‌ల హిట్లు), 33 హోమ్‌రన్లు. సిమియన్ మాత్రం 162కి 162 ఆడాడు. మొదటి స్థానంలో బ్యాటింగ్‌కి దిగి 29 హోమ్‌రన్లు కొట్టి, 100 పరుగులు చేయించాడు. అడోలిస్ గార్సియా 39 హోమ్‌రన్లు కొట్టి, 107 పరుగులు చేయించాడు. ఆ ఏడాది ఆల్‌స్టార్ మ్యాచ్‌కి అభిమానుల ఓట్లతో సీగర్, సిమియన్, క్యాచర్ జోనా హైమ్, థర్డ్ బేస్ జాష్ జంగ్ నలుగురూ మొదటి జట్టులోకి వెళ్లారు.

ఇక చిల్లు. బుల్‌పెన్, అంటే మ్యాచ్ మొదలుపెట్టే పిచర్ (స్టార్టర్) అలసిపోయాక వచ్చే రిలీవర్ల బృందం. ఆ సీజన్లో రేంజర్స్ రిలీవర్లు ఆధిక్యం కాపాడిన సేవ్‌లు 30, చేజార్చినవి (బ్లోన్ సేవ్‌లు) 33. సేవ్‌ల కంటే బ్లోన్ సేవ్‌లు ఎక్కువ ఉండి ప్లేఆఫ్స్‌కి చేరిన జట్టు అంతకు ముందు లేదు. ఒక్క పరుగు తేడాతో తేలిన మ్యాచ్‌లలో 14 గెలిచి 22 ఓడారు. పోయిన ఏడు గెలుపులూ ఇక్కడే ఉన్నాయి.

అయితే 63లో 30 అంటే సగం కంటే తక్కువ అని భయపడే ముందు ఆ అంకె ఎలా పుడుతుందో తెలుసుకోవాలి. మూడు లేదా అంతకంటే తక్కువ పరుగుల ఆధిక్యంతో వచ్చి, కనీసం ఒక ఇన్నింగ్స్ వేసి, మ్యాచ్‌ని గెలుపుతో ముగించిన పిచర్‌కి సేవ్ వస్తుంది. ఏడో ఇన్నింగ్స్‌లో ఒక పరుగు ఆధిక్యంతో వచ్చిన రిలీవర్ స్కోరు సమం కానిస్తే అతని ఖాతాలో బ్లోన్ సేవ్ పడుతుంది. అదే అతను ఇన్నింగ్స్‌ని శుభ్రంగా ముగించి బంతి ఇచ్చేస్తే సేవ్ రాదు, హోల్డ్ వస్తుంది. అంటే ఏడు, ఎనిమిది ఇన్నింగ్స్ వేసేవాళ్లకి ఈ లెక్కలో నష్టమే తప్ప లాభం లేదు. ఒకే మ్యాచ్‌లో జట్టుకి రెండు బ్లోన్ సేవ్‌లు కూడా పడొచ్చు. కాబట్టి ఏ జట్టు శాతమైనా నిజం కంటే కాస్త ఘోరంగానే కనిపిస్తుంది. ఇదంతా తీసేసినా రేంజర్స్‌ది ఘోరమే, అది వేరే మాట.

ఇంకో మోసం ERAలో, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఖాతాలో పడే పరుగుల సగటులో ఉంది. ఇద్దరు రన్నర్లు బేస్‌ల మీద ఉండగా స్టార్టర్ దిగిపోయి, వచ్చిన రిలీవర్ మొదటి బంతికే డబుల్ ఇచ్చాడనుకోండి. ఆ రెండు పరుగులూ స్టార్టర్ ఖాతాకే వెళ్తాయి, రిలీవర్ ERA చెక్కుచెదరదు. అందుకే రిలీవర్‌ని అంచనా వేయడానికి ERA ఒక్కటే చాలదు. అతనికి అప్పగించిన రన్నర్లలో ఎంతమంది ఇంటికి చేరారో చూడాలి. బాక్స్ స్కోరు అడుగున ఆ సమాచారం ఉంటుంది. చాలామంది అక్కడిదాకా చదవరు.

బుల్‌పెన్ ఎందుకు అలా అయిందంటే, డబ్బంతా స్టార్టర్ల మీద పెట్టారు. జేకబ్ డిగ్రామ్‌కి ఐదేళ్లకు 18.5 కోట్ల డాలర్లు. ఆరు మ్యాచ్‌లు వేశాడు, ఆరూ జట్టు గెలిచింది, జూన్‌లో మోచేతికి టామీ జాన్ శస్త్రచికిత్స. ఆ ఖాళీని నేథన్ ఇవాల్డీ భుజాన వేసుకున్నాడు. కొన్నాళ్లకి అతనికీ గాయమైంది. స్టార్టర్ ఐదో ఇన్నింగ్స్‌లోనే దిగిపోతే మిగతా నాలుగు ఇన్నింగ్స్ ముగ్గురు నలుగురు రిలీవర్లు పంచుకోవాలి. 26 మంది జట్టులో పిచర్లు 13 మందికి మించకూడదు, స్టార్టర్లు ఐదుగురు పోతే మిగిలేది ఎనిమిది మంది. పైగా 2020 నుంచి ఏ రిలీవర్ అయినా కనీసం ముగ్గురు బ్యాటర్లకి వేయాలి, లేదా ఇన్నింగ్స్ ముగించాలి; ఒక్క ఎడమచేతి బ్యాటర్ కోసం ఒకడిని దింపి వెంటనే మార్చే వీల్లేదు. వరుసగా రెండు రోజులు వేసినవాడిని మూడో రోజు దింపితే బంతి వేగం పడిపోతుంది, స్లైడర్ (పక్కకి వంగే బంతి) తిరగదు. అప్పుడు ఏడో వాడో ఎనిమిదో వాడో రావాల్సిందే. ఆగస్టులో ఎనిమిది వరుస ఓటములు, సెప్టెంబర్ మొదట్లో హ్యూస్టన్ దెబ్బ ఇలా వచ్చినవే.

క్రిస్ యంగ్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. జూన్ 30న అరోల్డిస్ చాప్‌మన్, జూలై చివర్లో మ్యాక్స్ షర్జర్, జోర్డన్ మాంట్‌గమరీ, క్రిస్ స్ట్రాటన్. చాప్‌మన్ కోసం ఇచ్చిన కోల్ రేగన్స్ మరుసటి ఏడాదే కాన్సస్ సిటీకి ఆల్‌స్టార్ అయ్యాడు. ఆ బదిలీ ఇప్పటికీ నొప్పే. అయినా అప్పుడున్న అవసరానికి అది సరైనదే అంటాను. మాంట్‌గమరీ లేకపోతే ట్రోఫీ లేదు.

ఆఖరి రోజు, అక్టోబర్ 1న, సియాటిల్‌లో 1-0తో ఓడారు. రేంజర్స్, ఆస్ట్రోస్ ఇద్దరివీ 90 గెలుపులే. ముఖాముఖి పోటీల్లో ఆస్ట్రోస్ 9-4తో ముందున్నారు కాబట్టి డివిజన్ వాళ్లకే పోయింది. రేంజర్స్ వైల్డ్ కార్డ్‌తో (డివిజన్ గెలవని జట్లకి దక్కే ప్లేఆఫ్స్ చోటు), సొంత మైదానం మేలు లేకుండా టాంపా వెళ్లారు.

ఇక్కడే క్యాలెండర్ చూడాలి. అక్టోబర్ 3 నుంచి నవంబర్ 1 దాకా 30 రోజులు. రెగ్యులర్ సీజన్లో ముప్పై రోజులంటే 26, 27 మ్యాచ్‌లు. రేంజర్స్ ఆడినవి 17. మధ్యలో ప్రయాణానికి సెలవులు, టాంపాని 2-0తో, 101 మ్యాచ్‌లు గెలిచిన బాల్టిమోర్‌ని 3-0తో త్వరగా ముగించడం వల్ల ఇంకొన్ని సెలవులు. ఈ విరామాలతో బోచీకి ఎనిమిది మంది రిలీవర్ల అవసరం లేకపోయింది. ముగ్గురు చాలారు: హోసే లెక్లర్క్, జాష్ స్బోర్జ్, చాప్‌మన్. లెక్లర్క్ 17లో 13 మ్యాచ్‌లు వేశాడు. రెగ్యులర్ సీజన్లో 5.50 ERA ఉన్న స్బోర్జ్ ప్లేఆఫ్స్‌లో 12 ఇన్నింగ్స్ వేసి ఒకే ఒక్క పరుగు ఇచ్చాడు. సీజన్లో 22 సేవ్‌లు చేసిన విల్ స్మిత్‌ని మాత్రం కీలక సమయాల్లో పక్కన పెట్టేశారు. పేరుని బట్టి కాకుండా అప్పటి బంతిని బట్టి మనిషిని ఎంచుకోవడం బోచీ దగ్గర చూడాల్సిన విద్య.

అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్‌లో హ్యూస్టన్‌తో ఐదో మ్యాచ్ ఆ విద్యకి పరీక్ష పెట్టింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు పరుగుల ఆధిక్యం ఉండగా లెక్లర్క్ బౌలింగ్‌లో హోసే ఆల్టూవే మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు, 5-4. మన క్రికెట్‌లో అయితే ఆఖరి ఓవర్లో అలా కొట్టించుకున్నవాడికి తర్వాతి మ్యాచ్‌లో బంతి ఇవ్వడానికే జంకుతారు. బోచీ రెండు రోజులకే ఆరో మ్యాచ్‌లో, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, మళ్లీ లెక్లర్క్‌నే దింపాడు. గండం గడిచింది. తొమ్మిదిలో గార్సియా గ్రాండ్ స్లామ్, అంటే నాలుగు పరుగుల హోమ్‌రన్, కొట్టాడు. ఏడో మ్యాచ్ 11-4.

గార్సియా గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. సెయింట్ లూయిస్ కార్డినల్స్ అతన్ని రొక్కానికి అమ్మేశారు. 2021 ఫిబ్రవరిలో రేంజర్స్ కూడా ప్రధాన జాబితాలోంచి తీసేస్తే, ఇంకే జట్టూ తీసుకోలేదు. అలాంటివాడు హ్యూస్టన్ మీద ఒక్క సిరీస్‌లో 15 పరుగులు చేయించాడు, అది రికార్డు. మొత్తం ఆ ప్లేఆఫ్స్‌లో 22. పాత రికార్డు 21, అది కార్డినల్స్ ఆటగాడు డేవిడ్ ఫ్రీస్ 2011లో పెట్టింది. 2011 అంటే రేంజర్స్ అభిమాని గుండెలో ముల్లు. ఆరో మ్యాచ్‌లో రెండు సార్లు టైటిల్‌కి ఒక్క స్ట్రైక్ దూరంలో ఉండి ఓడారు. మొదటిసారి అడ్డుపడిందీ, 11వ ఇన్నింగ్స్‌లో హోమ్‌రన్‌తో ముగించిందీ ఈ ఫ్రీసే. ఆ పేరుని రికార్డు పుస్తకంలో గార్సియా కిందికి దించడం ఆ నెల ఇచ్చిన తృప్తుల్లో ఒకటి.

వరల్డ్ సిరీస్ అరిజోనాతో. మొదటి మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు పరుగులు వెనకబడి ఉండగా అరిజోనా క్లోజర్ (ఆఖరి ఇన్నింగ్స్ వేసే రిలీవర్) పాల్ సీవాల్డ్ తనకి వేసిన మొదటి బంతినే సీగర్ హోమ్‌రన్‌గా కొట్టి సమం చేశాడు. 11వ ఇన్నింగ్స్‌లో గార్సియా హోమ్‌రన్, 6-5. మూడో మ్యాచ్‌లో గార్సియాకి పక్కటెముకల దగ్గర కండరం పట్టేసింది, షర్జర్‌కి వెన్ను. ఇద్దరినీ జాబితా నుంచి తప్పించారు. నాలుగో మ్యాచ్‌లో రెండో, మూడో ఇన్నింగ్స్ చెరి ఐదు పరుగులు, పదికి పదీ రెండు అవుట్లు పడ్డాకే. ఐదో మ్యాచ్‌లో అరిజోనా స్టార్టర్ జాక్ గ్యాలెన్ ఆరు ఇన్నింగ్స్ దాకా ఒక్క హిట్ ఇవ్వలేదు. ఇవాల్డీ ఐదు వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకి బ్యాటర్‌కి దక్కే ఉచిత బేస్) ఇచ్చినా ఆరు ఇన్నింగ్స్‌లో పరుగు ఇవ్వలేదు. ఏడులో సీగర్ ఎడమవైపు ఖాళీలోకి మెల్లగా దొర్లించిన బంతితో గ్యాలెన్ లెక్క చెడింది. ఎవన్ కార్టర్ డబుల్, మిచ్ గార్వర్ సింగిల్, 1-0. తొమ్మిదిలో నాలుగు, మొత్తం 5-0. ప్రత్యర్థి మైదానాల్లో 11 ఆడి 11 గెలిచారు.

ఆ కార్టర్ వయసు అప్పటికి 21. సెప్టెంబర్ 8న పైకి వచ్చి, ప్లేఆఫ్స్‌లో తొమ్మిది డబుల్స్‌తో రికార్డు పెట్టాడు. అంతకు ముందు ఆ సీజన్ చాలావరకు ఆడింది ఫ్రిస్కో రఫ్‌రైడర్స్‌కి. డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకి ఇది గుర్తు చేయాలనిపిస్తుంది: మనవాళ్లు ఇన్ని వేల మంది ఉంటున్న ఫ్రిస్కోలోనే రేంజర్స్ డబుల్-ఏ జట్టు (మేజర్ లీగ్‌కి రెండు మెట్ల కిందిది) ఆడుతుంది. అమ్మ వైపు నుంచి భారతీయ మూలాలున్న పిచర్ కుమార్ రాకర్ కూడా 2024లో అక్కడ వేసి, అదే సెప్టెంబర్‌లో పై జట్టుకి వెళ్లాడు. మేజర్ లీగ్ క్రికెట్ చూడటానికి మనం వెళ్లే గ్రాండ్ ప్రెయిరీ స్టేడియం కూడా ఒకప్పుడు బేస్‌బాల్ మైదానమే, ఎయిర్‌హాగ్స్ అనే జట్టుది. హైదరాబాద్ నుంచి చూసేవాళ్లకి లెక్క సులువు: వేసవిలో ఆర్లింగ్టన్‌లో రాత్రి 7:05 ఆట ఇక్కడ తెల్లవారి 5:35కి మొదలవుతుంది.

2024 గురించి ఎక్కువ రాయడానికి లేదు. 78-84. జంగ్ మణికట్టు విరిగింది, కార్టర్ వెన్ను పట్టేసింది, గార్సియా సగటు .224కి పడింది. 881 పరుగులు చేసిన జట్టు 683 దగ్గర ఆగిపోయింది.

2025 అంతకంటే బాధ పెట్టింది, ఎందుకంటే ఈసారి పిచింగ్ బ్రహ్మాండం. జట్టు ERA 3.47, మొత్తం మేజర్ లీగ్స్‌లో అత్యుత్తమం. డిగ్రామ్ తిరిగొచ్చి 30 మ్యాచ్‌లు వేశాడు, ERA 2.97. ఇవాల్డీ 130 ఇన్నింగ్స్‌లో 1.73, ఆగస్టు చివర్లో భుజం గాయంతో ఆగిపోయాడు. ఇచ్చినవి 605 పరుగులే. చేసినవి 684. పై సూత్రంలో వేసి చూడండి: దాదాపు 91 గెలుపులు. వచ్చినవి 81. ఈసారి పది పోయాయి.

నా అంచనా ఇది. జట్టు సగటు .234. హిట్లు తక్కువైతే మ్యాచ్‌లు 3-2, 2-1 దగ్గర తిరుగుతాయి. అలాంటి మ్యాచ్‌లలో ఒక ఎర్రర్, ఒక వాక్, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒక చెడ్డ స్లైడర్ చాలు. సీజన్‌కి ముందు బుల్‌పెన్‌ని చవకగా, ఎక్కువగా ఏడాది ఒప్పందాలతో కట్టారు. స్థిరమైన క్లోజర్ లేడు. ఆ పనితో మొదలుపెట్టిన ల్యూక్ జాక్సన్ జూలై ముగిసేసరికి జట్టులోనే లేడు. 2023లో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆధిక్యం పోతే తొమ్మిదిలో సీగరో గార్సియానో తిరిగి తెచ్చేవాళ్లు. 2025లో తెచ్చేవాళ్లు లేరు. సీగర్ అపెండిక్స్ శస్త్రచికిత్సతో కలిపి 102 మ్యాచ్‌లకే పరిమితం. సిమియన్ .230, గార్సియా .227, రెండేళ్లకు 3.7 కోట్ల డాలర్లతో తెచ్చిన జాక్ పీడర్సన్ .181. మే నెలలోనే బ్యాటింగ్ విభాగం పెద్దని తీసేసి బ్రెట్ బూన్‌ని తెచ్చారు. కోచ్‌ని మారిస్తే మొదటి బంతికే ఊపే అలవాటు సీజన్ మధ్యలో మారదు.

సీజన్ అయ్యాక బోచీ వెళ్లిపోయాడు, స్కిప్ షూమేకర్ వచ్చాడు. నవంబర్‌లో సిమియన్‌ని న్యూయార్క్ మెట్స్‌కి ఇచ్చి బ్రాండన్ నిమ్మోని తీసుకున్నారు. గార్సియాకీ హైమ్‌కీ కొత్త ఒప్పందం ఇవ్వలేదు. సిమియన్ వెళ్లడం మనసుకి కష్టమే. 2025లో కూడా సెకండ్ బేస్‌లో ఉత్తమ ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ అతనిదే. ఆ ఫీల్డింగ్ పోతే పిచర్ల ERA కొంత పెరుగుతుంది, అది ముందే ఒప్పుకోవాలి. కానీ నిమ్మో కెరీర్ మొత్తంలో వంద సార్లు బ్యాటింగ్‌కి వస్తే 36 సార్లు బేస్ చేరాడు. అతను వాక్‌ల కోసం ఓపిగ్గా నిలబడతాడు, పిచర్ చేత బంతులు ఎక్కువ వేయిస్తాడు. 2025 జట్టులో కరువైంది సరిగ్గా ఇదే. సీగర్ బ్యాటింగ్‌కి వచ్చేసరికి బేస్ మీద మనిషి ఉండాలి. ఒంటరి హోమ్‌రన్ ఒక పరుగే.

కొత్త సీజన్లో నేను రోజూ చూసేవి రెండు. సీగర్ ముందున్న ఇద్దరు ఎన్నిసార్లు బేస్ చేరారు, గత మూడు రోజుల్లో ఏడు నుంచి తొమ్మిది ఇన్నింగ్స్ వేసిన ముగ్గురూ ఒక్కొక్కరు ఎన్ని బంతులు వేశారు. ఆ రెండో అంకె ఎవరికైనా 50 దాటిన సాయంత్రం ఒక్క పరుగు ఆధిక్యం ఉందంటే, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బుల్‌పెన్ తలుపు తెరుచుకుని ఎవరొస్తారో కళ్లార్పకుండా చూడండి.